గ్రీకు విషాదనాటకంలో పతనం: దోషం ఎక్కడుంది?



గ్రీకు విషాదనాటకంలో నాయకుడు ఎందుకు పతనమవుతాడు? కాలేజీ నోట్సుల్లో దీనికి తయారుగా ఒక జవాబు ఉంటుంది: అతని స్వభావంలో ఒక లోపం ఉంది, అదే అతన్ని ముంచింది. ఈడిపస్‌కు కోపం, క్రియాన్‌కు మొండితనం, అగమెమ్నాన్‌కు అహంకారం. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు పడతాయి. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ ఆచార్యులు మాత్రం దీనితో తృప్తిపడేవారు కారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థులకు అరిస్టాటిల్ పాఠం చెప్పేటప్పుడు, నాయకుడు ఎలాంటివాడన్న చర్చను కాసేపు ఆపించి, అతను ఏం చేశాడు, చేసేనాటికి అతనికి ఏం తెలుసు అని నాటకంలోంచే వెతికించడం వారి పద్ధతి. వారికి నివాళిగా ఆ రెండు ప్రశ్నలనే ఇక్కడ కొన్ని నాటకాలకు వేసి చూడవచ్చు. చూస్తే తేలేది ఇది: గ్రీకు నాటకంలో పతనం ఒక చర్య నుంచి పుడుతుంది. ఆ చర్యను చాలాసార్లు మనిషిలోని మంచి గుణమే చేయిస్తుంది. తెలియాల్సింది తెలిసేసరికి దాన్ని వెనక్కి తీసుకునే వీలుండదు.

1. ఉత్సవం, న్యాయస్థానం

ఏథెన్స్ నగరంలో ఏటా వసంతారంభంలో డయనైసస్ దేవుడి ఉత్సవం జరిగేది. అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలులోని రంగస్థలంలో ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరు మూడు విషాదనాటకాలు, వాటితోపాటు సాటిర్ నాటకమనే ఒక వినోదరూపకం ప్రదర్శించేవారు. అలా ఆడిన నాటకాల్లో చాలావరకు కాలగర్భంలో కలిసిపోగా, పూర్తిగా దక్కిన విషాదనాటకాలు 32. ఈస్కిలస్ పేరిట 7, సోఫోక్లిస్‌వి 7, యూరిపిడిస్ పేరిట 18. వీటిలో రెండింటి కర్తృత్వం మీద వివాదం ఉంది.

కథలు ప్రేక్షకులకు చాలావరకు తెలిసినవే. ఈడిపస్ ఎవరో, అగమెమ్నాన్ ఎలా చస్తాడో తెలిసే వచ్చి కూర్చునేవారు. ఏం జరుగుతుందన్న ఆత్రుత కన్నా, అది ఎలా జరుగుతుంది, ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది అన్నదాని మీదే వాళ్ల దృష్టి. చేసిన పనిని తూకం వేయడం ఆ నగరపౌరులకు అలవాటైన విద్య కూడా. ఏథెన్స్ కోర్టుల్లో తీర్పు చెప్పేది పౌరులే. బుద్ధిపూర్వకంగా చేసిన హత్యకూ తెలియక జరిగిన హత్యకూ తేడా పాటించే డ్రాకో చట్టం క్రీ.పూ. ఏడో శతాబ్దం నుంచీ అమల్లో ఉంది. క్రీ.పూ. 409-408లో దాన్ని మళ్లీ రాతిపలక మీద చెక్కించారు.

ఆ కాలపు వక్త ఆంటిఫాన్ వాదనలు నేర్చుకునేవారి కోసం రాసిన నమూనా ప్రసంగాల్లో ఒక కేసు ఉంది. వ్యాయామశాలలో ఒక కుర్రాడు తోటివాళ్లతో కలిసి ఈటె విసరడం సాధన చేస్తున్నాడు. ఈటె గాలిలో ఉండగా ఇంకో కుర్రాడు దాని దారికి అడ్డంగా పరుగెత్తి ప్రాణం పోగొట్టుకున్నాడు. తప్పు ఎవరిది? విసిరినవాడి తండ్రి వాదన ఏమంటే, తన కొడుకు విసరాల్సిన చోటికే విసిరాడు, పొరపాటు అడ్డం వచ్చినవాడిదే అని. చనిపోయినవాడి తండ్రి దానికి ఒప్పుకోడు. ఇలాంటి ఘటన మీదే పెరిక్లిస్, తత్త్వవేత్త ప్రొటాగొరస్ ఒక రోజంతా చర్చించారని ప్లూటార్క్ రాశాడు. దోషం ఈటెదా, విసిరినవాడిదా, పోటీ నిర్వాహకులదా అన్నది వాళ్ల చర్చ. ఈటె విసిరిన కుర్రాడు దుర్మార్గుడని ఆంటిఫాన్ కేసులో ఎవరూ అనరు. ఆ వాదనల్లో పొరపాటుకు ‘హమార్తియా’ అనే వాడుక ఉంది. తరవాత అరిస్టాటిల్ విషాదనాటకానికి వాడిందీ అదే.

2. అరిస్టాటిల్ చెప్పినది

అరిస్టాటిల్ పుట్టింది క్రీ.పూ. 384లో. సోఫోక్లిస్, యూరిపిడిస్ ఇద్దరూ పోయి అప్పటికి ఇరవయ్యేళ్లు దాటింది. అంటే ఆయన ‘పొయెటిక్స్’ ఈ కవులు పాటించిన నియమావళి కాదు. వాళ్ల నాటకాలు చూసి, చదివి, తరవాతి తరం మనిషి చేసిన పరిశీలన.

ఆ గ్రంథం 13వ అధ్యాయంలో ఆయన ఎలాంటి పతనం విషాదనాటకానికి పనికిరాదో ముందు చెబుతాడు. మచ్చలేని మంచివాడు సుఖం నుంచి కష్టంలో పడితే చూసేవాడికి జాలి, భయం కలగవు, వెగటు పుడుతుంది. దుర్మార్గుడు బాగుపడితే అసలే పనికిరాదు. పరమ దుర్మార్గుడు పడిపోతే న్యాయం జరిగిందన్న తృప్తి ఉండవచ్చుగాని జాలికి చోటుండదు. మిగిలింది ఈ రెండు కొసలకూ మధ్యనున్న మనిషి. అతను చెడుతనం వల్లా, దుష్టబుద్ధి వల్లా పడిపోకూడదు. ఒక హమార్తియా వల్ల పడాలి. అతను మధ్యస్థుడు కావాలి, లేకపోతే అంతకన్నా మెరుగైనవాడు కావాలి గాని హీనుడు కాకూడదు. ఇక్కడ సభ గమనించవలసిన విషయం ఒకటుంది. స్వభావపు చెడుతనాన్ని కారణాల జాబితాలోంచి కొట్టివేసిన తరవాతే అరిస్టాటిల్ హమార్తియా ప్రస్తావన తెచ్చాడు. దాన్నే స్వభావలోపం అనుకుంటే, ఒక చేత్తో తీసేసిందాన్ని రెండో చేత్తో తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

ఆయన నీతిశాస్త్రగ్రంథం దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. అందులో ఇతరులకు కలిగే హానిని విడదీసి చూపాడు. ఊహకే అందకుండా జరిగిపోయింది దురదృష్టం. దుర్బుద్ధి లేకపోయినా, ఊహించగలిగి ఉండీ చేసింది పొరపాటు. తెలిసి చేసింది అన్యాయం. అందులోనూ ఆవేశంలో చేసినది, ఆలోచించి చేసినది వేరువేరు. కావాలని ఎంచుకుని చేసినవాడే దుష్టుడు. ఇక పొయెటిక్స్ 6వ అధ్యాయంలో విషాదనాటకం మనుషుల అనుకరణ కాదని, చర్యకూ జీవితానికీ అనుకరణ అని చెప్పి, ఇతివృత్తానికి మొదటి స్థానం, పాత్రస్వభావానికి రెండో స్థానం ఇచ్చాడు. ‘ఎలాంటివాడు’ కన్నా ‘ఏం చేశాడు’ ముందుండాలన్నది ఆయన సొంత వరుసే.

3. ఈడిపస్

ఈ వరుసకు అరిస్టాటిల్ మళ్లీ మళ్లీ చూపిన ఉదాహరణ సోఫోక్లిస్ ‘ఈడిపస్ రాజు’. థీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తోంది. పాత రాజు లేయస్‌ను చంపినవాడు ఊళ్లోనే ఉన్నాడు, వాడిని వెళ్లగొడితే తప్ప పీడ విరగడ కాదని డెల్ఫీ దేవవాణి. హంతకుణ్ణి పట్టుకుంటానని ఈడిపస్ అందరి ఎదుటా శపథం చేస్తాడు. ఆ హంతకుడు తనే. లేయస్ తన తండ్రి, తన భార్య జొకాస్టా తన తల్లి.

ఈడిపస్‌కు కోపం ఉంది. అంధ ద్రష్ట టైరీసియస్‌ను తూలనాడతాడు, బావమరిది క్రియాన్ మీద కుట్ర అంటగట్టి చంపుతానంటాడు. ఇక్కడే కాలక్రమం చూడాలి. తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడడం నాటకం మొదలవడానికి ఎన్నో ఏళ్ల ముందే జరిగిపోయాయి. రంగం మీద అతను ఎంత శాంతంగా ఉన్నా ఆ రెండూ మారవు. అయితే చంపిన రోజు కోపగించాడు కదా అనవచ్చు. నిజమే. మూడు దారులు కలిసేచోట బండివాళ్లు అతన్ని దారి నుంచి నెట్టారు. తోలేవాణ్ణి ఇతను కొట్టాడు. బండిలోని ముసలాయన కాచుకుని ఉండి ముల్లుకర్రతో నెత్తిన మోదాడు. తను తిరిగి ఇచ్చింది దెబ్బకు దెబ్బ కన్నా ఎక్కువేనని ఈడిపస్ కూడా ఒప్పుకుంటాడు. కానీ దారిలో ఎదురుతిరిగి చంపాడని నాటకంలో ఎవరూ అతన్ని నిందించరు. ఘోరమల్లా ఆ ముసలాయన తండ్రి కావడమే. అది ఈడిపస్‌కు తెలియదు. అలాంటిది జరగకూడదనే కొరింత్ వదిలి పారిపోయాడు. తండ్రిని చంపుతావని దేవవాణి చెప్పగానే, తండ్రి అనుకుంటున్న పాలిబస్‌కు దూరంగా నడిచాడు. ఆ నడకే అతన్ని లేయస్ బండికి ఎదురుగా తెచ్చింది.

ఇక నిజం బయటపడే తీరు. కొరింత్ నుంచి వార్తాహరుడు సంతోషంగా వస్తాడు: పాలిబస్ పోయాడు, రాజ్యం నీదే. తండ్రిని చంపే గండం తప్పిందని ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు. తల్లి గురించిన భయం ఇంకా ఉందంటాడు. దాన్ని కూడా తీర్చి బహుమానం పొందుదామని ఆ ముసలివాడు అసలు సంగతి చెబుతాడు: వాళ్లు నీ కన్నవాళ్లు కారు, సితేరాన్ కొండ మీద చీలమండలు గుచ్చిన పసిగుడ్డును ఒక గొర్రెలకాపరి నా చేతికిచ్చాడు. భయం పోగొట్టడానికి వచ్చినవాడి నోటి నుంచే పిడుగు పడింది. జొకాస్టాకు అప్పుడే అంతా అర్థమవుతుంది. ఇక అడగవద్దని బతిమాలుతుంది. తను ఏ దాసి కొడుకో అని తేలితే ఆమెకు నామోషీ కాబోలు అనుకుంటాడు ఈడిపస్. చివరికి ఆ గొర్రెలకాపరిని పిలిపిస్తారు. మూడు దారుల దగ్గర ప్రాణాలతో బయటపడిన ఒకే ఒక్కడూ అతనే. చెప్పలేనని వణుకుతున్నవాణ్ణి ఈడిపస్ బెదిరించి చెప్పిస్తాడు. వినబోయేది భయంకరమని తెలిసీ వినక తప్పదంటాడు.

ఈ దృశ్యంలో పతనాన్ని దగ్గరికి లాక్కొచ్చినది ఏ గుణం? నిజం తేలేదాకా వదలని పట్టుదల. స్ఫింక్స్ పొడుపుకథ విప్పి థీబ్స్‌ను కాపాడినదీ, ఇప్పుడు మహమ్మారి నుంచి కాపాడబోయేదీ ఆ బుద్ధీ ఆ పట్టుదలే. జొకాస్టా మాట విని ఊరుకుని ఉంటే అతను రాజుగా మిగిలేవాడు, ఊరు చచ్చేది.

ఇదంతా విధే కదా అన్న సందేహం శ్రోతలకు రావచ్చు. దేవవాణి తండ్రి హత్యను, తల్లితో వివాహాన్ని ముందే చెప్పింది. నిజం వెతకమని, కళ్లు పొడుచుకోమని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. జొకాస్టా ఉరి వేసుకున్నాక ఆమె చీర పిన్నులతో కళ్లు పొడుచుకుని బయటికొచ్చిన ఈడిపస్, ఈ కష్టాలు తెచ్చింది అపోలో అనీ, పొడిచిన చెయ్యి తనదేననీ విడదీసి చెబుతాడు. సోఫోక్లిస్ పోయాక క్రీ.పూ. 401లో ఆడిన ‘కొలోనస్‌లో ఈడిపస్’ నాటకంలో ముసలి ఈడిపస్ తన కేసు తనే వాదించుకుంటాడు: తెలియక చేశాను, నన్ను చంపబోయినవాళ్లనే చంపాను, చట్టం ముందు నేను నిర్దోషిని. ఆంటిఫాన్ నమూనా ప్రసంగాలకు ఈ వాదన ఎంతో దగ్గర.

4. మంచితనమే ప్రాణం తీసిన చోట

యూరిపిడిస్ ‘హిప్పోలిటస్’కు క్రీ.పూ. 428లో మొదటి బహుమతి వచ్చింది. సవతికొడుకు మీద మోహపడిన రాణి, కొడుకు మీద అబద్ధపు నింద, నమ్మిన తండ్రి: సారంగధర కథ తెలిసిన సభకు ఈ ముడి కొత్తదేమీ కాదు. తేడా ఏమంటే రాణి ఫీడ్రా తన కోరికతో తనే పోరాడుతుంది, చచ్చిపోయైనా పరువు దక్కించుకోవాలనుకుంటుంది. రహస్యాన్ని దాసి హిప్పోలిటస్ చెవిన వేస్తుంది. అంతకుముందే ఎవరికీ చెప్పనని అతని చేత ఒట్టు వేయించుకుంది. ఫీడ్రా ఉరివేసుకుని, అతను తనను చెరిచాడని పలక మీద రాసిపెట్టి పోతుంది. తండ్రి థీసియస్ విచారణ లేకుండానే శపిస్తాడు. ఒక్క మాట చెబితే హిప్పోలిటస్ బతుకుతాడు. ఒట్టు తప్పడం ఇష్టంలేక చెప్పడు. సముద్రంలోంచి వచ్చిన ఎద్దును చూసి గుర్రాలు బెదిరి అతన్ని రాళ్ల మీద ఈడ్చుకుపోతాయి.

ప్రేమదేవత ఆఫ్రొడైటీని చిన్నచూపు చూడడం హిప్పోలిటస్ తప్పే. నాటకం మొదట్లోనే ఆమె వచ్చి పగ తీర్చుకుంటానని చెబుతుంది. కానీ ఆ పగ తీరడానికి పనికొచ్చినవి ఫీడ్రా పరువు, హిప్పోలిటస్ ఒట్టు. రెండూ మంచి గుణాలే. చివర్లో దేవత ఆర్టెమిస్ వచ్చి థీసియస్‌కు చెప్పే తీర్పు మరీ విలువైనది. అతని హమార్తియాకు తెలియకపోవడమే మొదటి మన్నింపు, అది అతన్ని దుర్మార్గుడనే నింద నుంచి విడిపిస్తుందని ఆమె మాటల సారాంశం. పొరపాటుకూ చెడుతనానికీ మధ్య అరిస్టాటిల్ గీసిన గీతను అంతకు తరాల ముందే రంగస్థలం మీద ఒక దేవత గీసింది.

సోఫోక్లిస్ ‘ఆంటిగొని’లో పొరపాటు కూడా లేదు. సోదరుడి శవానికి పిడికెడు మట్టి వేస్తే చావు తప్పదని ఆంటిగొనికి తెలుసు. తెలిసే వేసింది.

5. తప్పు ఉన్న చోట

స్వభావలోప సిద్ధాంతానికి బలమైన సాక్షి ఆ నాటకంలోనే ఉన్నాడు. శవాన్ని పూడ్చకూడదన్న క్రియాన్ ఆజ్ఞ తప్పు. కొడుకు హేమాన్ చెప్పినా, టైరీసియస్ హెచ్చరించినా వినడు. చివర్లో కోరస్ కూడా ఈ నాశనం పరాయివాళ్లు తెచ్చింది కాదు, అతని సొంత తప్పే అంటుంది. అయితే టైరీసియస్ ఏమన్నాడో చూడాలి: పొరపాటు మనుషులందరికీ మామూలే, దిద్దుకున్నవాడు తెలివితక్కువవాడు కాడు. క్రియాన్ దిద్దుకుంటాడు కూడా. పిల్లను గుహలోంచి విడిపించు, తరవాత శవానికి సమాధి కట్టు అని కోరస్ వరుస చెబుతుంది. క్రియాన్ ముందు శవం దగ్గరికి వెళ్లి సంస్కారం చేయించి, ఆ తరవాత గుహకు వెళతాడు. అప్పటికే ఆంటిగొని ఉరివేసుకుంది. కొడుకు కళ్లముందే కత్తితో పొడుచుకుంటాడు. ఇంట్లో భార్య కూడా ప్రాణం తీసుకుంటుంది. మొండితనం పోయిన తరవాతే సర్వనాశనం జరిగింది.

ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’ను ఏథెన్స్ వాళ్లు క్రీ.పూ. 458లో చూశారు. ట్రాయ్ గెలిచి వచ్చిన రాజు కోసం భార్య క్లైటెమ్నెస్ట్రా గుమ్మం దాకా ఎర్రని ఖరీదైన వస్త్రాలు పరిపిస్తుంది. దేవతలకు తగిన మర్యాద మనిషికి కూడదని అతను జంకుతాడు. ఆమె మాటల్లో ఓడి, చెప్పులు విప్పించుకుని నడుస్తాడు. అహంకారానికి శిక్షగా చచ్చాడనడానికి ఈ దృశ్యాన్నే చూపుతారు. కానీ అతని చావు ఆలిస్ రేవులో పదేళ్ల కిందటే నిర్ణయమైపోయింది. ఎదురుగాలులకు ఓడలు కదలనప్పుడు కూతురు ఇఫిజెనియాను బలివ్వడమా, సైన్యాన్ని వదిలేయడమా అన్నది సమస్య. రెండూ పాపమే. ఒకటి ఎంచుకున్నాక అతని మనసు రాయి అయిపోయిందని కోరస్ చెబుతుంది. దానికి తోడు తండ్రి ఏట్రియస్ సొంత తమ్ముడికి పిల్లల మాంసం వండి పెట్టిన పాపం, ట్రాయ్‌లో చిందిన రక్తం ఉన్నాయి. ఇన్ని కారణాలను ఒక్క లోపానికి కుదించడం ఈస్కిలస్‌కు అన్యాయం.

అహంకారం వల్లే పడ్డాడని కవి నేరుగా చెప్పించినది ‘పర్షియన్లు’లోని జెర్క్సిస్ గురించి. హెలెస్పాంట్ జలసంధికి వంతెన కట్టి సముద్రానికి కాడి వేసినందుకు తండ్రి డరియస్ ప్రేతమే కొడుకును తప్పుబడుతుంది. అక్కడ కూడా, మనిషి తొందరపడితే దేవుడు చెయ్యి కలుపుతాడని ఆ ప్రేతం అంటుంది. సలామిస్ యుద్ధం గెలిచిన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 472లో, విజేతలైన ఏథెన్స్ ప్రజలు ఓడిన శత్రువుల ఏడుపును ఈ నాటకంలో చూశారు.

6. లెక్క కుదరని శిక్షలు

లోపం, దానికి తగిన శిక్ష అన్న లెక్క యూరిపిడిస్ దగ్గర పూర్తిగా తప్పుతుంది. ‘హెరాక్లిస్’లో వీరుడు సమయానికి ఇల్లుచేరి భార్యాపిల్లలను కాపాడుకుంటాడు. నాటకం సగంలో హీరా ఆజ్ఞతో ఉన్మాదదేవత వస్తుంది. ఈ మనిషి దీనికి తగినవాడు కాడని ఆ ఉన్మాదమే అభ్యంతరం చెబుతుంది. అయినా పని చేయక తప్పదు. కాపాడిన చేతులతోనే హెరాక్లిస్ వాళ్లను చంపుతాడు.

కవి పోయాక ఆడిన ‘బాకే’లో పెంథియస్ డయనైసస్‌ను దేవుడిగా ఒప్పుకోడు. అది తప్పే. శిక్షగా కన్నతల్లి అగావే చేత ముక్కలవుతాడు. సింహం తల అనుకుని కొడుకు తల పట్టుకొచ్చిన ఆమెకు తండ్రి కాడ్మస్ మెల్లగా తెలివి తెప్పిస్తాడు. ముందు ఆకాశం చూడమంటాడు. ఏ ఇంటికి కోడలివయ్యావు, నీ మొగుడికి పుట్టిన కొడుకు పేరేమిటి అని అడుగుతాడు. ఆఖరున, చేతిలో ఉన్నది ఎవరి తల అంటాడు. ఆమెకు తెలివి రావడమే ఇక్కడ అసలు శిక్ష. దేవుణ్ణి కొలిచిన కాడ్మస్‌కూ దేశబహిష్కారం తప్పలేదు. శిక్ష న్యాయమే గాని మితిమీరిందని, కోపంలో దేవుళ్లు మనుషుల్లా ఉండకూడదని ఆయన దేవుడి ముఖం మీదే చెబుతాడు.

7. ‘లోపం’ ఎలా స్థిరపడింది

నాటకాలు ఇలా ఉండగా పాఠాల్లోకి స్వభావలోపం ఎలా వచ్చింది? ఒక దారి మతం. హమార్తియా గ్రీకు బైబిల్ కొత్త నిబంధనలో పాపానికి పేరైంది. ఆ అలవాటుతో అరిస్టాటిల్‌ను చదివినవాళ్లకు నాయకుడిలో పాపం వెతకడం సహజమైంది. రెండో దారి షేక్స్‌పియర్. 1904లో అచ్చయిన ఎ.సి. బ్రాడ్లీ ఉపన్యాసాలు మాక్బెత్, ఒథెల్లో వంటి నాయకుల స్వభావంలోనే విషాదానికి బీజం చూపాయి. వాటిని మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖలు తరాల తరబడి చదివించాయి. షేక్స్‌పియర్ కోసం చేసిన పనిముట్టును గ్రీకు నాటకం మీద కూడా వాడారు. 1966లో ఇ.ఆర్. డాడ్స్ ‘ఈడిపస్ రాజు’ను అపార్థం చేసుకోవడం గురించి రాసిన వ్యాసంలో, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు కూడా పరీక్షల్లో ఇదే జవాబు రాస్తున్నారని చెప్పి దాన్ని ఖండించాడు. ఈ విషయంలో మన విద్యార్థులు ఒంటరివాళ్లు కారు.

ఈ జవాబు ఇంతకాలం నిలవడానికి అది ఇచ్చే ఊరట కూడా ఒక కారణం. పడినవాడిలో లోపం దొరికితే, ఆ లోపం లేని చూపరికి భయం ఉండదు. కానీ అరిస్టాటిల్ ప్రకారం భయం పుట్టేది మనలాంటివాడు పడితేనే, జాలి పుట్టేది తగని కష్టం వస్తేనే. నాయకుణ్ణి దోషిగా నిలబెట్టే విమర్శ ఈ రెండింటినీ చెరిపేస్తుంది. ఈడిపస్ పట్టుదల, ఫీడ్రా పరువు, హిప్పోలిటస్ ఒట్టు, ఆలస్యంగానైనా క్రియాన్ చేసిన దిద్దుబాటు, ఇవన్నీ ఏ మంచి పౌరుడిలోనైనా ఉండదగినవే. గ్రీకు కవులు చూపినది ఆ గుణాలతో, అరకొర తెలివిడితో, వెనక్కి తీసుకోలేని పని చేసిన మనిషిని. అందుకే ఆ నాటకాలను చదివించేటప్పుడు పాత్ర గుణదోషాల పట్టిక కన్నా ముందు, ఏ ఘట్టంలో ఎవరు ఏం చేశారు, అప్పటికి ఎవరికి ఎంత తెలుసు అన్న పట్టిక వేయించడం మంచిది.